మట్టి చెదరకుండా: కుండీ మొక్కల రవాణా చరిత్ర

చిన్న కుండీలో పెరిగిన మొక్క ఊరు దాటి వెళ్లాలంటే ముందుగా కాపాడవలసింది దాని ఆకులను కాదు, వేళ్లు పట్టుకుని ఉన్న మట్టిముద్దను. వేళ్ల చివర కంటికి ఆనీ ఆనని నూగువేళ్లు ఉంటాయి. మట్టిలోని నీటిని ఎక్కువగా పీల్చేవి అవే. బండి కుదుపుకు మట్టి పగిలితే ముందు తెగేవీ అవే. ఆకులు మాత్రం నీటిని ఆవిరిగా వదులుతూనే ఉంటాయి. రాబడి ఆగిపోయి ఖర్చు తగ్గని ఇంటిలా, మొక్క కొద్ది రోజుల్లోనే కుంగిపోతుంది. గాలి తగలకుండా గట్టిగా మూసేస్తే మరో బాధ మొదలవుతుంది. లోపల వేడి పెరుగుతుంది, బూజు పడుతుంది, ఎథిలీన్ వాయువు పోగై మర్రిజాతి మొక్కల్లాంటివి ఆకులు రాల్చేస్తాయి. మట్టి కదలకూడదు, తడి ఆరకూడదు, గాలి ఆడాలి. ఈ మూడూ ఒకదానికొకటి అడ్డొచ్చే అవసరాలే. మొక్కల ప్యాకింగ్ చరిత్ర అంతా వీటిని కలిపి నెగ్గుకురావడానికి మనుషులు పడిన పాట్ల చరిత్ర.

అనకాపల్లి జిల్లా నక్కపల్లి మీదుగా కోల్‌కతా–చెన్నై జాతీయ రహదారి సాగుతుంది. గోదావరి ఒడ్డున కడియం చుట్టుపక్కల నర్సరీలలో పెరిగిన మొక్కలు విశాఖపట్నానికీ, శ్రీకాకుళానికీ, ఆపైన ఒడిశాకూ బెంగాల్‌కూ లారీల మీద వెళ్లే దారి ఇదే. కడియంలో బయలుదేరిన లారీ వంద కిలోమీటర్లు దాటాక ఇక్కడికి చేరుతుంది. మొక్కలను భద్రంగా దూరం పంపే పనికి ఈ తీరంలో రెండు శతాబ్దాలకు పైబడిన చరిత్ర ఉంది. అయితే అది రోడ్డు మీద కాక ఓడల మీద మొదలైంది.

వేళ్లతో, మట్టితో మొక్కను తరలించడం అంతకంటే ఎంతో పాతది. క్రీ.పూ. 15వ శతాబ్దంలో ఈజిప్టు రాణి హత్షెప్సుత్ పుంట్ దేశం నుంచి సాంబ్రాణి జాతి చెట్లను తెప్పించింది. వాటిని బుట్టల్లో పెట్టి కావడి కర్రలకు కట్టి మోస్తున్న దృశ్యాలు దైర్ అల్ బహరీ ఆలయం గోడల మీద చెక్కి ఉన్నాయి. బుట్ట, లోపల మట్టి, మోసుకెళ్లడానికి కర్ర: చాలా శతాబ్దాల పాటు ఈ ఏర్పాటులో పెద్ద మార్పేమీ రాలేదు.

ఈ కథ మన తీరానికి చేరేది 18వ శతాబ్దం చివరలో. 1781లో విలియం రాక్స్‌బర్గ్ అనే స్కాట్లండ్ వైద్యుడు ఈస్టిండియా కంపెనీ ఉద్యోగిగా సామర్లకోటకు వచ్చాడు. అక్కడ ఒక తోట వేసి మిరియాలు, కాఫీ, దాల్చినచెక్క లాంటివి పెంచి చూశాడు. ఉత్తరాన కొండల్లో అడవి మిరియాల తీగ కనిపించడంతో దాని సాగుకు ప్రయత్నించాడు. 1787లో వచ్చిన తుపానులో ఆయన చాలా పోగొట్టుకున్నాడు. అయినా పని ఆపలేదు. అదే సంవత్సరం రాబర్ట్ కిడ్ కలకత్తా దగ్గర కంపెనీ వృక్షోద్యానాన్ని ప్రారంభించాడు. 1793లో రాక్స్‌బర్గ్ ఆ తోట బాధ్యత తీసుకోవడానికి సామర్లకోట నుంచి వెళ్లాడు. కోరమాండల్ తీరపు మొక్కల మీద ఆయన బొమ్మలతో వెలువరించిన పెద్ద గ్రంథం 1795 నుంచి భాగాలుగా వచ్చింది. తోటలు, గ్రంథాలు ఎంత గొప్పవైనా, ఆనాటి వృక్షశాస్త్రజ్ఞులను వేధించిన చిక్కు ఒకటే: బతికి ఉన్న మొక్కను సముద్రం దాటించడం ఎలా?

ఓడ మీద మొక్కకు ఉప్పుగాలి పెద్ద శత్రువు. రెండోది మంచినీళ్ల కరువు. తాగడానికే లెక్కపెట్టి పోసే నీళ్లను మొక్కలకు పోయడం నావికులకు నచ్చేది కాదు. 1770లో లండన్‌లో జాన్ ఎల్లిస్ తూర్పుదేశాల నుంచి విత్తనాలు, మొక్కలు తేవలసిన తీరును వివరిస్తూ ఒక చిన్న పుస్తకం వేశాడు. అందులో రకరకాల పెట్టెల బొమ్మలున్నాయి. 1787లో కెప్టెన్ విలియం బ్లై నడిపిన బౌంటీ ఓడలో మొక్కల కోసం ఏకంగా ఓడలోని పెద్ద గదినే మార్చేశారు. నేలకు పైన ఇంకో చెక్క అంతస్తు కట్టి, కుండీలు కదలకుండా కూర్చోవడానికి దానికి రంధ్రాలు కోశారు. కింది నేలకు సీసపు రేకు పరిచి, కుండీల నుంచి కారిన నీటిని పట్టి మళ్లీ వాడుకునేలా గొట్టాలు పెట్టారు. తాహితీ దీవిలో 774 కుండీల్లో, 39 తొట్లలో, 24 పెట్టెల్లో 1,015 సీమపనస మొక్కలను ఎక్కించినట్టు బ్లై రాసుకున్నాడు. సిబ్బంది తిరగబడి ఓడను పట్టుకోవడంతో ఆ మొక్కలు చేరవలసిన చోటికి చేరలేదు. కానీ రంధ్రాలున్న పలకలో కుండీని అంచు దాకా దింపి నిలబెట్టే ఆ ఉపాయం నిలిచింది. ఇప్పటి నర్సరీ ట్రేలు చేసే పని అదే.

ఇంత జాగ్రత్త అన్ని ఓడల్లో సాధ్యం కాదు. మకావులో ఉన్న జాన్ లివింగ్‌స్టన్ అనే వైద్యుడు 1819లో రాసిన లేఖలో, చైనా నుంచి ఇంగ్లండుకు బయలుదేరిన వెయ్యి మొక్కల్లో ఒక్కటే బతుకుతోందని అంచనా వేశాడు.

ఈ లెక్కను తిరగరాసినవాడు లండన్ వైద్యుడు నథానియల్ బాగ్‌షా వార్డ్. 1829లో ఆయన ఒక పురుగు గూటిని తడిమట్టితో సహా గాజు సీసాలో పెట్టి మూత వేశాడు. పురుగు సంగతి అటుంచితే, ఆ మట్టిలో ఒక ఫెర్ను మొక్క, గడ్డి మొలిచి నీళ్లు పోయకుండానే పెరిగాయి. పగలు మట్టి, ఆకులు వదిలిన ఆవిరి గాజుకు పట్టి, చల్లబడి మళ్లీ మట్టిలోకే దిగుతోంది. ఆ సూత్రంతో వార్డ్ చెక్క చట్రానికి గాజు పలకలు బిగించి పెట్టెలు చేయించాడు. 1833లో రెండు పెట్టెలు సిడ్నీకి ఓడలో వెళ్లాయి. మొక్కలు పచ్చగా దిగాయి. అక్కడి మొక్కలతో 1834లో తిరుగు ప్రయాణం కట్టిన పెట్టెలు కేప్ హార్న్ దగ్గరి మంచునూ, భూమధ్యరేఖ వేడినీ తట్టుకుని లండన్ చేరాయి. 1842లో వార్డ్ తన పద్ధతిని పుస్తకంగా ప్రకటించాడు. 1845లో ఇంగ్లండులో గాజు మీద పన్ను తీసేయడంతో ఆ పెట్టెలు చవకబడ్డాయి.

తూర్పు తీరం ముందు నుంచీ ఆ పెట్టెలు రాకపోకలు సాగించాయి. 1836లో డెవన్‌షర్ డ్యూక్ పంపిన తోటమాలి జాన్ గిబ్సన్ కలకత్తా వచ్చి, మరుసటి ఏడాది ఆర్కిడ్లతో, బర్మా దేశపు ఆమ్‌హర్స్టియా మొక్కలతో తిరిగి వెళ్లాడు. రాబర్ట్ ఫార్చ్యూన్ 1848–51 మధ్య చైనా తేయాకు మొక్కలను హిమాలయ ప్రాంతపు తోటలకు చేర్చాడు. వార్డ్ పెట్టెల మట్టిలోనే తేయాకు గింజలు నాటి, దారిలో మొలకెత్తేలా చేయడం ఆయన కనిపెట్టిన ఉపాయం. 1876లో లండన్ క్యూ తోట నుంచి సిలోనుకు 1,900కు పైగా రబ్బరు మొక్కలు 38 పెట్టెల్లో వెళ్లాయి. విమానాలు, ప్లాస్టిక్ వచ్చేదాకా ఆ పెట్టెకు పోటీ లేదు. క్యూ తోటకు చివరిసారిగా వార్డ్ పెట్టె వచ్చింది 1962లో, ఫిజీ నుంచి. ప్రపంచపు తోటలను, పంటలను ఇంతగా కలగలిపిన వస్తువు మరొకటి లేదనవచ్చు. ఆ కలయికలో కంపెనీల లాభం, వలసపాలన పట్టు కూడా పెరిగాయన్నది మరచిపోకూడదు.

ఊళ్ల మధ్య సాగే మొక్కల వ్యాపారానికి గాజు పెట్టె ఎప్పుడూ అవసరం కాలేదు. ఇక్కడ రాజ్యమేలింది కుమ్మరి కుండీ, వెదురు గంప, ఎండుగడ్డి, గోనెపట్టా. వీటిలో కుండీకి ఒక విశేషమైన పాత్ర ఉంది. పాతకాలపు మామిడి అంటు పద్ధతిలో టెంక మొలకను చిన్న కుండీలో పెంచి, తల్లి చెట్టు దగ్గరకు తీసుకెళ్లి, కొమ్మకు ఆనించి, రెండింటి బెరడు చెక్కి కలిపి కట్టేవారు. కొమ్మ ఎత్తుగా ఉంటే కుండీల కోసం మంచె వేసేవారు. అతికాక కొమ్మను కోసి కుండీతో సహా దింపితే అంటు మొక్క తయారు. అంటే చిన్న కుండీ తోటలోనే అవసరమైన పనిముట్టు. అదే తర్వాత ప్రయాణపు పాత్ర అయింది. మట్టికుండీ గోడల గుండా గాలి, తేమ ఆడతాయి కాబట్టి వేళ్లకు మంచిది. బరువు, పగిలిపోయే గుణం దాని లోపాలు. ఎడ్లబండిలో కుండీల మధ్య గడ్డి కుక్కినా కొన్ని దారిలోనే పోయేవి.

గోదావరి మీద ధవళేశ్వరం దగ్గర సర్ ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847లో మొదలైన ఆనకట్ట 1852లో పూర్తయింది. కాలువలు డెల్టాకు నీటినే కాక పడవ ప్రయాణాన్ని కూడా ఇచ్చాయి. పడవలో కుదుపు తక్కువ, నీళ్లు పక్కనే. మొక్కకు ఇంతకంటే హాయైన వాహనం లేదు. 1890లలో తీరం వెంట రైలు మార్గం వచ్చింది. 1900లో రాజమండ్రి దగ్గర గోదావరి వంతెన తెరిచాక ఉత్తర దక్షిణాలు కలిశాయి. రైలు వేగం పెంచింది గానీ ఎక్కించడం, దింపడం అనే రెండు మోటు పనులను కూడా తెచ్చింది. చేతులు మారిన ప్రతిసారీ మట్టి వదులవుతుంది. అందుకే రైలుకు వేసే మొక్కల మట్టిముద్దను గోనెతో చుట్టి, తాడుతో కట్టి, గంపలో బిగించడం అవసరమైంది.

20వ శతాబ్దం రెండో సగంలో కడియపులంక, బుర్రిలంక, వేమగిరి వంటి ఊళ్లు నర్సరీలకు నెలవయ్యాయి. గోదావరి తెచ్చిన ఒండ్రు మట్టి, కాలువ నీరు, పక్కనే పెద్ద రోడ్డు, రైలు దీనికి కారణాలు. పల్ల వెంకన్న వంటి నర్సరీ రైతుల పేర్లు రాష్ట్రం బయట కూడా తెలిశాయి. పూల మొక్కలు, పండ్ల అంట్లతో సాగిన వ్యాపారం నీడ మొక్కలకు, అలంకార మొక్కలకు విస్తరించింది. ఒండ్రు మట్టికి ప్యాకింగ్ పరంగా ఒక గుణం ఉంది. తగినంత తడిలో అది వేళ్లకు అంటుకుని ముద్దగా నిలుస్తుంది. మరీ తడిస్తే కారిపోతుంది, మరీ ఎండితే పెళ్లలుగా విడిపోతుంది. బండికి ఎక్కించే ముందు ఎప్పుడు నీళ్లు పోయాలో, ఎప్పుడు ఆపాలో తెలిసిన పనివాళ్ల చేతి నేర్పు ఏ పెట్టెకూ తీసిపోదు.

1933లో ఇంగ్లండులో ఒక ప్రయోగశాలలో అనుకోకుండా తయారైన పాలిథిన్ కొన్ని దశాబ్దాల్లో నర్సరీల రూపమే మార్చేసింది. అంతకు ముందు అటవీ నర్సరీలు ఆకు దొప్పలు, వెదురు బొంగులు, మట్టికుండీలు వాడేవి. అడుగున, పక్కన రంధ్రాలు కొట్టిన నల్లని కవరు వాటన్నిటినీ పక్కకు నెట్టింది. పగలదు, తేలిక, ఖాళీవి కట్టగట్టి చంకలో పెట్టుకుపోవచ్చు. అంటు కట్టే పద్ధతులు కూడా మారి, కవర్లోనే మొలకకు అంటు కట్టడం సాధ్యమైంది. తెలంగాణలో 2015లో మొదలైన హరితహారం లక్ష్యం 230 కోట్ల మొక్కలు. అలాంటి సంఖ్యలు కుండీలతో ఊహించలేనివి. కవరుకు దోషాలూ ఉన్నాయి. ఎక్కువ కాలం ఉంచితే వేళ్లు అడుగున చుట్టలు చుట్టుకుంటాయి. మెత్తని గోడ కాబట్టి పట్టుకుని ఎత్తినప్పుడల్లా మట్టి నలుగుతుంది. అందుకే కాండం పట్టి లాగకుండా అడుగున చెయ్యి వేసి ఎత్తాలన్నది నర్సరీలో మొదట నేర్పే పాఠం. నాటేటప్పుడు చింపి పారేసిన కవరు నేలలో ఎన్నో ఏళ్లు ఉండిపోతుంది.

లారీ ఎక్కించడం ఒక విద్య. పెద్ద మొక్కల కొమ్మలను పైకి దగ్గరగా కట్టి, మట్టిముద్దకు గోనె చుట్టి ముందు వాటిని నిలబెడతారు. వాటి సందుల్లో చిన్న కవర్లు, కుండీలు ఇరికిస్తారు. సందు లేకపోతే కదలిక ఉండదు. చిన్న మొక్కలే పెద్దవాటికి దన్ను అవుతాయి. చిన్న మొక్కలే సరుకైతే చెక్కలతోనో కర్రలతోనో అరలు కట్టి వరుసలు పేరుస్తారు. పైన ఆకుపచ్చ నీడవల కప్పితే గాలి కోత తగ్గుతుంది, లోపల ఆవిరి పట్టదు. ఎండ వేళ ఆగి, రాత్రిపూట నడపడం మొక్కకు మేలు. రహదారి నాలుగు వరసలైన తర్వాత ప్రయాణ సమయం తగ్గి, కుదుపులు తగ్గి, మునుపటంత గోనె, గడ్డి అవసరం లేకపోయింది. ఈ తీరంలో మొక్కల ప్యాకింగ్‌ను అన్నిటికంటే ఎక్కువ మార్చినవి దారులేనని చెప్పాలి.

దారి తర్వాత స్థానం కొబ్బరి పొట్టుది. పీచు తీశాక మిగిలే పొట్టు ఒకప్పుడు కుప్పలుగా పడి ఉండే వ్యర్థం. కడిగి, ఉప్పు తీసి, ఎండబెట్టిన ఆ పొట్టు తన బరువుకు ఎన్నో రెట్లు నీరు పట్టుకుంటుంది, మట్టిలా పగలదు. కోకోపీట్ పేరుతో ఇది కుండీల్లోకి, నారు ట్రేలలోకి వచ్చాక చిన్న మొక్క బరువు బాగా తగ్గింది. వేళ్లు అల్లుకున్న ముద్ద ట్రేలోంచి చెక్కుచెదరకుండా ఊడి వస్తుంది. కొబ్బరికి పేరుపడ్డ కోనసీమ పక్కనే ఉండటం కడియానికి కలిసివచ్చింది.

దేశం దాటే మొక్కకు మట్టే అడ్డంకి. మట్టిలో పురుగులు, నులిపురుగులు, తెగుళ్లు దాగి వెళతాయి. భారతదేశంలో హానికర క్రిమికీటకాల చట్టం 1914లో వచ్చింది. 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఉత్తర్వు దిగుమతులకు నియమాలు బిగించింది. వార్డ్ పెట్టెలు మట్టితో పాటు ఎన్ని చీడలను మోసుకెళ్లాయో తెలిసివచ్చాక ఈ కట్టడి తప్పనిసరి అయింది. ఎగుమతి మొక్కలకు మట్టి కడిగి, వేళ్లకు తడి నాచో కోకోపీటో చుట్టి పంపుతారు. చెక్కపెట్టెలను కూడా వదల్లేదు: అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం చెక్క లోపలి దాకా 56 డిగ్రీల సెల్సియస్ వేడి కనీసం 30 నిమిషాలు తగలాలి, లేదా ఆమోదించిన మరో శుద్ధి జరగాలి. ఆపైన ముద్ర వేస్తారు.

ఇటీవలి మార్పు కొరియర్‌లో ఒక్కొక్క కుండీ మొక్కను ఇంటికి పంపడం. లారీలో మొక్క నిలబడి వెళుతుంది; కొరియర్ పెట్టె తలకిందులైనా కావచ్చు. అందువల్ల కుండీ నోటికి అట్టముక్క అమర్చి, సన్నని ప్లాస్టిక్ పొరతో చుట్టి, మట్టి ఒలకకుండా చేస్తారు. కుండీని అట్టపెట్టె అడుగున బిగించి, ఆకులకు పైన ఖాళీ వదిలి, పక్కల గాలి రంధ్రాలు పెడతారు. ముళ్లున్న గులాబీలకు, పెళుసైన ఆకులున్న వాటికి పాత వార్తాపత్రిక చుడతారు. పంపడానికి ముందు నీళ్లు మితంగా ఇస్తారు, ఎందుకంటే చీకటి పెట్టెలో నానిన మట్టి వేళ్లను కుళ్లబెడుతుంది. చేరిన మొక్కను వెంటనే ఎండలో పెట్టకుండా నీడలో కొన్ని రోజులు ఉంచి, కొత్త చిగురు కనిపించాకే కుండీ మార్చడం మంచిది.