బీప్ అన్న చోటల్లా తవ్వితే ఏం పోతుంది?

నా చేతిలో ఉన్నది మెటల్ డిటెక్టర్. బ్రిటన్ వాళ్ల వీడియోలు చూసీ చూసీ ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నా. వాళ్లు పొలంలో నడుస్తారు, బీప్ అంటుంది, తవ్వితే రోమన్ నాణెం! శాతవాహనులు, కాకతీయులు, కుతుబ్‌షాహీలు ఏలిన నేల మనది, మనకెందుకు దొరకదు అనుకున్నా.

చేవెళ్ల దగ్గర మా మామ పొలానికి పోయా. రెండు గంటలు తిరిగితే దొరికినవి సీసా మూతలు, ట్రాక్టర్ బోల్టులు, ఒక ఎద్దు నాడా. ఈ మెషిన్ కాయిల్ నేలలోకి అయస్కాంత క్షేత్రం పంపుతుంది, లోహం తగిలితే దాంట్లో చిన్న కరెంటు పుట్టి సిగ్నల్ తిరిగొస్తుంది. నాణెమంత వస్తువైతే జానెడు లోతులో ఉంటేనే పసిగడుతుంది. అది బంగారమా, బీరు మూతా అన్నది మాత్రం తవ్వితేనే ఖాయంగా తెలిసేది.

చివరికి పాత బావి గట్టున గట్టిగా మోగింది. స్క్రూడ్రైవర్‌తో పొడిచి లాగా. వెండి పావలా! మీద చార్మినార్ బొమ్మ. ఇంటికొచ్చి చింతపండుతో తళతళా తోమేశా. నిజాం హాలీ సిక్కా అది. చార్మినార్ ద్వారంలో ఒక చిన్న అక్షరం ఉంటుంది: 'మీమ్' అయితే మహబూబ్ అలీ ఖాన్, 'ఐన్' అయితే ఉస్మాన్ అలీ ఖాన్. నాది ఐన్.

నాణేలు తెలిసిన ఒక పెద్దాయనకు చూపిస్తే, 'ఎంత లోతులో ఉంది బాబూ? పక్కన కుండ పెంకులేమైనా ఉన్నాయా?' అన్నారు. నేను గుంత పూడ్చేసి వచ్చా, ఒక్క ఫొటో కూడా తీయలేదు. మన భాషలో చెప్పాలంటే ఫైల్ ఉంది, దాని మెటాడేటా అంతా నేనే డిలీట్ చేశా. పైగా తోమకూడదట, గీతలు పడతాయి.

నాది పావలానే కాబట్టి పోతే పోయింది. కానీ జగిత్యాల జిల్లాలో, గోదావరి ఒడ్డున కోటిలింగాల ఉంది కదా. అక్కడ ఊళ్లో దొరికిన నాణేలను పి.వి. పరబ్రహ్మశాస్త్రి గారు పరిశీలించి 1970ల చివర్లో ప్రకటించారు. గోబద, నారన, కంవాయ, సమగోప అనే రాజుల పేర్లు, వాటితో పాటు 'చిముక' నాణేలు. శాతవాహన వంశ మూలపురుషుడు సిముకుడు ఇతనే అన్నారు ఆయన. శాతవాహనుల మొదలు తెలంగాణలోనా అనే చర్చకు ఆ నాణేలు పెద్ద ఆధారం. అవి ఎక్కడివో చెప్పకుండా హైదరాబాద్‌లో ఏ దుకాణంలోనో అమ్మి ఉంటే? నాణెం ఉండేది, కోటిలింగాల ఉండేది కాదు.

మన దగ్గర డిటెక్టర్ పట్టుకుని తిరిగేవాళ్లలో ఇంకో రకం ఉన్నారు, గుప్తనిధుల బ్యాచ్. నిమ్మకాయలు, పసుపు కుంకుమలు, అర్ధరాత్రి పూజలు, పొద్దున్నకి నంది విగ్రహం రెండు ముక్కలు. వాళ్లని చూస్తే నాకు నవ్వు కాదు, కోపం వస్తుంది.

బ్రిటన్‌లో కూడా ఊరికే తవ్వరు. పొలం యజమాని ఒప్పుకోవాలి. దొరికినవాటిని, దొరికిన చోటుతో సహా నమోదు చేయడానికి 1997లో ఒక పథకమే పెట్టారు. మన 1878 నాటి నిధుల చట్టం ప్రకారం పది రూపాయల విలువ దాటిన నిధి నేలలో దొరికితే కలెక్టర్‌కు రాతపూర్వకంగా తెలపాలి. రక్షిత కట్టడాల దగ్గర అనుమతి లేకుండా తవ్వితే నేరం.

ఇంకోటి. మొయినాబాద్ మండలం ఎనికేపల్లిలో కొన్నేళ్ల కింద ఈమని శివనాగిరెడ్డి గారు రెండు జైన శిల్పాలు గుర్తించారు. నాలుగు వైపులా నలుగురు తీర్థంకరులు, కింద తెలుగు-కన్నడ లిపిలో శాసనం. చిలుకూరు దగ్గరి జైన బసది ప్రస్తావన అందులో ఉంది. దాదాపు వెయ్యేళ్లవి. ఎక్కడున్నాయో తెలుసా? ఊరి చెరువు తూములో, రాళ్లుగా! బీప్ అక్కర్లేదు, కళ్లుంటే చాలు.

నేనూ కలెక్టర్ పేరున అర్జీ రాసి, పావలా జతచేసి ఇచ్చా. ఏం దొరికిందో రాశా, తారీఖు రాశా. ఎక్కడ అన్న దగ్గర 'బావి గట్టు పక్కన, సుమారుగా' అని రాసి ఊరుకున్నా.