పేకాట బల్ల పుట్టుపూర్వోత్తరాలు

నున్నని బల్లపై బోర్లాపడిన పేకముక్కను ఎత్తబోతే దాని అంచు గోటికి అందదు. అదే ముక్కను విసిరితే ఆగక జారి నేలపై పడుతుంది. మన ఇళ్లలో పేకాటకు కూర్చునేవారు చాపపై దుప్పటి పరచుకోవడంలో ఈ రెండు కష్టాలకూ విరుగుడు ఉన్నది. ఐరోపావారు బల్లకే గుడ్డను అతికించారు.

18వ శతాబ్దపు ఇంగ్లండులో నలుగురు కూడి ఆడే విస్ట్ వంటి ఆటలు సంపన్నుల ఇళ్లలో బాగా వ్యాపించాయి. 1742లో ఎడ్మండ్ హోయల్ విస్ట్‌పై ఒక చిన్న గ్రంథమే ప్రకటించాడు. ఆట లేని వేళ బల్ల గదికి అడ్డు కాకూడదు. అందుచేత వడ్రంగులు పైపలకను రెండు ముక్కలుగా చేసి బందులతో కలిపారు. మడిచి గోడకు చేర్చితే అది సన్నని బల్ల. వెనుక కాలును వెలుపలికి తిప్పి, పలకను విప్పి దానిపై ఆనిస్తే చదరపు ఆటబల్ల. మూలల్లో కొవ్వొత్తుల స్తంభాలకు చోటు, అంచున నాణేలకు గుంటలు ఉండేవి.

పై గుడ్డ ఉన్నితో నేసి, పిమ్మట సబ్బునీటిలో తడిపి మర్దించినది. ఉన్ని వెంట్రుకపై పెంకుటింటి పెంకులవలె ఒకదానిపై ఒకటి పరచుకొన్న పొలుసులు ఉంటాయి. తడి, వేడి, ఒత్తిడి తగిలినప్పుడు వెంట్రుకలు ముందుకు జరిగి ఒకదానితో ఒకటి పెనవేసుకొంటాయి. పొలుసులు అడ్డుపడుటచేత తిరిగి వెనుకకు రాలేవు. నేతలోని సందులు మూసుకొని గుడ్డ దళసరి అవుతుంది. ఉన్ని చొక్కాను వేడినీళ్లలో ఉతికి పాడుచేసుకొన్నవారు ఈ ప్రయోగాన్ని తెలియకుండానే చేశారు. ఇట్టి గుడ్డపై ఘర్షణ ఎక్కువ కనుక ముక్క జారిపోదు; అంచును నొక్కితే గుడ్డ కొద్దిగా కుంగి గోటికి చోటు ఇస్తుంది.

19వ శతాబ్ద ప్రారంభంలో అమెరికాలో పోకర్ ఆట పుట్టి, మిసిసిపీ నదిపై తిరిగే ఆవిరి పడవల ద్వారా ఊరూరా పాకింది. 1829లో పడవపై తాను చూచిన ఆటను జోసెఫ్ కోవెల్ అనే ఆంగ్లనటుడు తరువాత గ్రంథస్థం చేశాడు. అప్పటి ఆటకు 20 ముక్కలే. ఇంటి బల్లచుట్టూ కూర్చునేవారు ఎరిగినవారు. పడవలో అందరూ కొత్తవారు. అక్కడ బల్ల కూడా నమ్మదగినది కాకపోయింది. మంచి ముక్కను దాచుకొనుటకు బల్ల అడుగున గుచ్చే చిన్న స్ప్రింగు పట్టీలు బయలుదేరాయి. జాన్ నెవిల్ మాస్కలిన్ అనే ఇంద్రజాలికుడు 1894లో ప్రకటించిన గ్రంథంలో ఇట్టి సాధనాలు వర్ణించాడు. శాన్‌ఫ్రాన్సిస్కోలో కెప్లింజర్ అనే జూదరి మోకాళ్లు ఎడం చేయగానే దారాలు, కప్పీలు పనిచేసి చొక్కా చేతిలోనుండి పట్టకారు వెలువడే యంత్రాన్ని ధరించేవాడట. 1888లో తోటి ఆటగాళ్లు అతణ్ణి పట్టుకొని సోదా చేశారు. వారూ మోసగాళ్లే కనుక, అటువంటిదే తమకూ చేసిపెట్టమని కోరారట!

2003లో క్రిస్ మనీమేకర్ అనే గణకుడు లాస్ వేగాస్‌లో జరిగిన ప్రపంచ పోటీ గెలిచిన పిమ్మట ఈ ఆట అమెరికా ఇళ్లలో మరల విజృంభించింది. స్నేహితుల కోసం బల్లను స్వయంగా చేసుకొనేవారు పెరిగారు. వారికి ముడిసరుకు 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు గల ప్లైవుడ్ పలక. పొరల ఈనెలు ఒకదానికొకటి అడ్డంగా ఉండుటచేత అది ఒంటి చెక్కవలె తేమకు వంగిపోదు. కొలత మాత్రం చక్కని లెక్క. 4 అడుగుల వ్యాసం గల గుండ్రని బల్ల చుట్టుకొలత సుమారు 12.57 అడుగులు, ఆరుగురికి తలా రెండడుగులకు పైగా వస్తుంది. పదిమంది కూర్చోవాలంటే? పలక రెండు కొనలనూ అర్ధవృత్తాలుగా కోస్తే చుట్టుకొలత 8 + 12.57, అనగా 20.57 అడుగులు. ఇంతే చుట్టుకొలతతో వృత్తం గీస్తే వ్యాసం ఆరున్నర అడుగులు దాటుతుంది. నడుమ ఉన్న ముక్కను అందుకొనుటకు మూడుంబావు అడుగుల చేయి చాచాలి! కొనలు గుండ్రమైన పొడుగు బల్లలో ఆ దూరం ప్రక్కన కూర్చున్నవారికి రెండడుగులే.

జూదశాలల బల్లలోనూ సాధారణంగా ఈ ఆకారమే కనిపిస్తుంది. కాని అక్కడ పొడవు ప్రక్క మధ్యలో ముక్కలు పంచే ఉద్యోగికి చోటు, బిళ్లల అర ఉంటాయి. ఇంటి బల్లకు ఆ అర అవసరం లేదు. ముక్కలు వంతులవారీగా అందరూ పంచుతారు.