చింతపల్లి దీపస్తంభము

మీలో భీమునిపట్నము చూచినవారు అనేకులుందురు. గోస్తనీనది సముద్రములో కలియు చోటును, డచ్చివారి పాత సమాధులను చూచి, రెండు ఫొటోలు తీసికొని, సాయంకాలపు బస్సుకు మరలిపోయియుందురు. ఈ మారు తొందరపడక తీరము వెంబడి ఉత్తరముగా పొండు. చంపావతి సముద్రములో కలియు కోనాడయు, దాని కావల చింతపల్లియు వచ్చును. పెద్ద రోడ్డు మీద వచ్చువారు పూసపాటిరేగ వద్ద తూర్పునకు తిరుగవలెను. అచ్చట చిన్న గుట్టమీద నొక దీపస్తంభము కలదు. పాత ఇంగ్లీషు పటములలో దాని పేరు శాంటాపిల్లి. అది నెలకొల్పబడినది 1847లో.

దీపస్తంభములన్నియు ఒకే పని చేయునని మనము తలంతుము. నేనును అట్లే తలంచితిని. 1796లో చెన్నపట్నపు కోటలో ఎక్స్ఛేంజి మేడమీద కొబ్బరినూనె దీపములు పెట్టిరి. అవి ఓడలవారికి రేవును చూపినవి. చింతపల్లిలో చూపుటకు రేవు ఏది? ఇచ్చటి దీపము భీమునిపట్నమునకు పోవు ఓడలకొరకు కట్టినది. సముద్రములో దూరముగా శాంటాపిల్లి రాళ్లున్నవి. వాటి జోలికి పోవద్దని చెప్పుటయే దీని పని.

ఆ కాలపు భీమునిపట్నమును తలంచుకొనుడు. 1825లో డచ్చివారు దానిని ఇంగ్లీషువారికి అప్పగించిరి. ఓడ వచ్చి నిలుచుటకు గోడగాని గట్టుగాని లేదు. ఓడ దూరముననే లంగరు వేయగా, మేకు ఒక్కటియు లేక కొబ్బరిత్రాటితో కుట్టిన మసూలా పడవలు కెరటముల మీదుగా సరకును ఒడ్డునకు చేర్చెడివి. ఒడ్డునకు దగ్గరగా రాక తప్పదు, దగ్గరగా వచ్చిన రాళ్లభయము తప్పదు. పగలైన యెడల కొండల గురుతులున్నవి. మబ్బు పట్టిన రాత్రి ఏ గురుతు కనబడును?

నూనెదీపముల దినములలో దీపపు కావలివారి పని మిక్కిలి కష్టము. వత్తి కత్తిరించవలెను, అద్దములకు పట్టిన మసి తుడువవలెను, గాలివాన నాడును దీపము ఆరిపోకూడదు. ఓడ రాతికి తగిలి పగిలిన యెడల లోకమంతయు దానిని చెప్పుకొనును. క్షేమముగా దాటిపోయిన ఓడ సంగతి ఎవరు వ్రాయుదురు? కావుననే ఈ దీపమునకు చెప్పుకొనదగిన కథ లేదు. నా మట్టుకు అదియే దాని ఘనత.

1933లో విశాఖపట్నపు హార్బరు తెరువబడిన పిమ్మట భీమునిపట్నపు వర్తకము తగ్గిపోయినది. రాళ్లు మాత్రము ఎక్కడికిని పోలేదు.

ఇక ఫొటో సంగతి. మీరు ఉదయముననే చేరుకొనుడు. సూర్యుడు సముద్రము మీదనుండి లేచును గనుక స్తంభపు తూర్పుముఖము చక్కగా వెలుగును. సాయంకాలము ఇసుకలో నిలిచి తీసినయెడల నల్లని కట్టె వలె వచ్చును. నా మొదటి ఫొటో అట్లే పాడైనది. మరునాటి ఉదయము తీసినది బాగుగా వచ్చినది. అయినను ఏదో వెలితి తోచి, గుట్ట దిగకముందు వెనుకకు తిరిగి, ఆ దీపము చూచు దిక్కునకే కెమెరా త్రిప్పి మరియొకటి తీసితిని. అందులో ఏమియు లేదు, నీరు మాత్రమే. రెండింటిని ప్రక్క ప్రక్కన అంటించియుంచితిని. చూచినవారు మొదటిదానిని మెచ్చుకొని, ఈ రెండవది ఎందుకని అడుగుచుందురు.