తృటిలో తప్పినది

ఆపద దాటిపోయినప్పుడు మనవారు "తృటిలో తప్పినది" అందురు. ఈ తృటి జ్యోతిశ్శాస్త్రమునుండి వచ్చిన మాట. నిమేషములో 30వ వంతు తత్పర యనియు, తత్పరలో 100వ వంతు తృటి యనియు భాస్కరాచార్యుడు సిద్ధాంతశిరోమణిలో లెక్క గట్టెను. అనగా రెప్పపాటులో 3,000వ వంతు. అంతటి సూక్ష్మకాలమునకు పేరు పెట్టిన జాతి, ఆ కాలములో తప్పిపోయిన మృత్యువులను మాత్రము ఎన్నడును లెక్కింపలేదు. రోడ్డుమీద మరణించినవానికి పోలీసు స్టేషనులో కాగితము పుట్టును. ఆసుపత్రిలో చీటి పుట్టును. మరునాటి పత్రికలో నాలుగు పంక్తులు పడును. తప్పించుకొన్నవానికి ఎక్కడను ఒక పంక్తియు లేదు. జరిగినదానినే చరిత్ర యనుట మనకు అలవాటు. జరుగబోయి తప్పినదియు చరిత్రలోనిదే యనియు, దానిని వ్రాయకపోవుటచేతనే ప్రాణములు పోవుచున్నవనియు మా అభిప్రాయము.

రాయదుర్గమనగానే అనంతపురము వైపువారికి కొండమీది కోట జ్ఞప్తికి వచ్చును. మేము చెప్పునది హైదరాబాదునకు పడమట, శేరిలింగంపల్లి మండలములోని రాయదుర్గము. రెవిన్యూ కాగితములలో రాయదుర్గము పైగా, రాయదుర్గము పన్‌మక్తా, రాయదుర్గము నవ్ ఖాల్సా అని దీనికి విభాగములు కలవు. పైగా యనునది పైగా ప్రభువుల జాగీరును, మక్తా యనునది ఇంతయని ముందుగా నిర్ణయించిన శిస్తుకు ఇచ్చిన భూమిని, ఖాల్సా యనునది నేరుగా సర్కారుకు చెందిన భూమిని తెలుపును. ప్రక్కనున్న దుర్గముచెరువు ఒకప్పుడు గోలకొండ కోటకు నీరిచ్చినది. 1998 నవంబరులో సమీపమున సైబర్ టవర్స్ ప్రారంభమయ్యెను. 2019 నవంబరులో మెట్రో రైలు రాయదుర్గము వరకు వచ్చెను. 2020 సెప్టెంబరులో చెరువుమీద తీగల వంతెన తెరచిరి. ఒక్క మనిషి ఆయుర్దాయములో బండ్లబాట పోయి, కార్లు ఊపిరి బిగబట్టి పరుగెత్తు పలువరుసల రోడ్డు వచ్చినది.

ఈ రోడ్డుమీద తెల్లవారుజామున ఐదు గంటలకు రెండు తెగల జనము కనబడుదురు. మెరిసెడి బూట్లు తొడిగి, మణికట్టున అడుగులు లెక్కించు గడియారము కట్టి పరుగెత్తువారును, వెనుక ఎఱ్ఱదీపము మిణుకుమిణుకుమనుచుండగా ఖరీదైన సైకిళ్లు త్రొక్కువారును ఒక తెగ. వీరు ఆరోగ్యముకొరకు వచ్చినవారు. రాత్రి కావలి ముగించుకొని ఇంటికి పోవు వాచ్‌మన్లు, రోడ్డు ఊడ్చు స్త్రీలు, క్యాంటీనులలో పొయ్యి వెలిగింపవలసినవారు, పాలవారు, పేపరు కుఱ్ఱవాండ్రు రెండవ తెగ. వీరి సైకిలుకు దీపము లేదు. కాళ్లకు రబ్బరు చెప్పులు. వీరు కూటికొరకు వచ్చినవారు. వెనుకనుండి వచ్చు కారునకు ఈ భేదము తెలియదు.

మేమును సైకిలు మీద బడికి పోవువారమే. ఒక మాఘమాసపు ఉదయమున, మంచు ఇంకను విడువక ముందు, మలుపు తిరుగుచుండగా వెనుకనుండి ఒక కారు వచ్చినది. దాని అద్దము మా మోచేతిని రాచుకొనిపోయినది. చొక్కా చినిగెను; చర్మము కొంచెము లేచెను; సైకిలు తూలి నిలిచినది. కారు ఆగలేదు. నడుపువానికి తగిలినట్లు తెలిసినదో లేదో! కాలిబాట కడ చీపురు పట్టుకొనియున్న ఒక స్త్రీ దగ్గరకు వచ్చి మా చేయి చూచి యిట్లనెను: "మొన్న నన్ను గూడ గిట్లనే గీకిపోయింది సారూ. ఎవరికి జెప్పాలె?"

మేము బదులు చెప్పలేకపోతిమి. బడికి పోయి యథాప్రకారము పాఠము చెప్పితిమి. ఇంటివద్ద చెప్పినచో సైకిలు అటకెక్కునను భయముచేత అక్కడను నోరు మెదపలేదు. చినిగిన చొక్కాకు మేకు తగిలినదని అబద్ధమాడితిమి. పిల్లలకు సత్యము బోధించు వృత్తిలోనున్న మాకే ఈ విషయమున అబద్ధము ఇంత సులభముగా నోటికి వచ్చినపుడు, ఈ రోడ్డుమీద దినమునకు ఎన్ని గండములు ఇట్లు మేకులమీదికి పోవుచున్నవో యనిపించినది. ఆ స్త్రీ అడిగిన ప్రశ్న మమ్ము విడువలేదు. దానికి జవాబుకొరకు వెనుకటి చరిత్రను తిరుగవేసితిమి.

చూడగా విచిత్రమైన సంగతి కనబడినది. నున్నని రోడ్డును మొదట కోరినది కారు కాదు, సైకిలు. 1885లో ఇంగ్లండున స్టార్లీ రెండు సమానచక్రముల రోవరు సైకిలును చేసెను. 1888లో డన్‌లప్ గాలి టైరుకు పేటెంటు పొందెను. ఇంగ్లండున 1878లోను, అమెరికాలో 1880లోను ఏర్పడిన సైకిలు సంఘములవారు గతుకుల బాటలు బాగుచేయుడని ప్రభుత్వముల వెంటబడి, కరపత్రములు పంచి, రోడ్లు వేయించిరి. తరువాత వచ్చిన కారు సైకిలునుండి గాలి టైరును తీసికొన్నది; సైకిలు సంఘములు పోరాడి వేయించిన రోడ్లమీదనే పరుగెత్తినది; పిమ్మట సైకిలునే అంచునకు నెట్టినది. ఒంటెకు గుడారములో తల దూర్చుటకు చోటిచ్చిన అరబ్బు కథ యిదియే.

ఇంగ్లండున 1865 నాటి చట్టము ప్రకారము యంత్రపు బండి ఊళ్లలో గంటకు 2 మైళ్లకు మించి పోరాదు. ఒక మనిషి ఎఱ్ఱ జెండా పట్టుకొని దానికి ముందు నడువవలెను. 1896లో ఆ కట్టు సడలించి 14 మైళ్ల వరకు అనుమతించిరి. ఆ సంవత్సరముననే మే 30వ తేదీన న్యూయార్కు నగరములో హెన్రీ వెల్సు అనువాని డురియా మోటారు బండి, ఎవిలిన్ థామస్ అను స్త్రీ త్రొక్కుచున్న సైకిలుకు తగిలి ఆమె కాలు విరిగెను. నడిపినవానిని ఆ రాత్రి ఠాణాలో నుంచిరి. ఆగస్టు 17వ తేదీన లండనులో బ్రిడ్జెట్ డ్రిస్కల్ అను గృహిణి మోటారు క్రింద పడి మరణించెను. విచారించినవారు అది ఆకస్మిక మరణమని తేల్చిరి. అప్పటినుండి ఆ "ఆకస్మిక" మను మాట మనతోనే నడచుచున్నది.

మొదట లోకమంతయు ఆకస్మికమని ఊరకుండలేదు. 1923లో అమెరికాలోని సిన్సినాటీ పట్టణమున, ప్రతి కారునకును గంటకు 25 మైళ్లు మించకుండ యంత్రపు కళ్లెము బిగింపవలెనని 42,000 మంది చేవ్రాలు చేసిరి. కార్ల వర్తకులు గట్టిగా ఎదురు ప్రచారము చేయగా ఆ ప్రతిపాదన ఓట్లలో ఓడినది. ఆ కాలముననే "జేవాకర్" అను తిట్టు వ్యాపించినది. జే అనగా పట్నపు నడక తెలియని పల్లెటూరి బైతు. 1925లో లాస్ ఏంజిల్స్ నగరము నడచువారిని కట్టడి చేయు శాసనము చేసెను. అంతవరకు రోడ్డుమీద నడచుట మనిషి హక్కు, అతనిని తగులకుండ పోవుట బండి బాధ్యత. ఆ తరువాత తప్పుకొనుట మనిషి బాధ్యతయైనది, తప్పుకొనలేనివాడు బైతయినాడు. నేడు మనవారును దెబ్బ తిన్నవానినే "చూచుకొని పోవద్దా?" అని మందలింతురు. ఆ మందలింపు ఎవరు, ఎందుకు నేర్పిన పాఠమో ఎరుగరు.

మనవారు దీనికి మరియొక తొడుగు తొడిగిరి. అది గ్రహచారము. క్రొత్త కారు కొన్నవాడు గుడికి తీసికొనిపోయి పూజ చేయించి, చక్రముల క్రింద నిమ్మకాయలు నలిపి, ఇక భయము లేదని వేగము హెచ్చించును. తప్పించుకొన్నవాడు గండము గడచినదని కొబ్బరికాయ కొట్టును. కొట్టవద్దని మేమనము, కొట్టిన పిమ్మట గండము ఏ మలుపులో, ఏ గంటకు, ఎంత వేగమున వచ్చినదో యోచింపుమందుము. 60 కిలోమీటర్ల వేగమున వచ్చు కారు తాకుడు 30 కిలోమీటర్ల కారు తాకుడుకు రెట్టింపు కాదు, నాలుగింతలు. ఇది గణితము. శనీశ్వరునికిని దీనికిని సంబంధము లేదు. 2022లో మన దేశమున రోడ్డు ప్రమాదములలో 1,68,491 మంది మరణించిరని ప్రభుత్వ లెక్క. అందు 32,825 మంది కాలినడకవారు. ఇంతమంది జాతకములు ఒక్క యేట ఒక్కతీరుగా చెడియుండునా?

రాయదుర్గము చెంత జరిగినదే చూడుడు. బయోడైవర్సిటీ కూడలి మీది ఫ్లైఓవరును 2019 నవంబరు 4వ తేదీన తెరచిరి. దానిమీద వేగపరిమితి గంటకు 40 కిలోమీటర్లు. ఆ నెల 23వ తేదీన ఒక కారు నూటికి పైబడిన వేగముతో వచ్చి, పిట్టగోడ దాటి క్రింది రోడ్డుమీద పడినది. క్రింద నిలిచియున్న ఒక స్త్రీ మరణించెను. ఆమె వేగముగా పోలేదు, అడ్డము రాలేదు, ఆకాశమునుండి కారు పడునని చూచుకొనుట యెట్లు? 2023 జులై 4వ తేదీ ఉదయమున హైదర్‌షాకోట వద్ద నడకకు వచ్చిన తల్లీకూతుళ్లు కారు తగిలి ప్రాణములు విడిచిరి. ఆ సంవత్సరమే అక్టోబరు 1వ తేదీన ఔటర్ రింగురోడ్డు ప్రక్కన 23 కిలోమీటర్ల సైకిలుబాటను ప్రారంభించిరి. పైన సూర్యరశ్మితో విద్యుత్తు పుట్టించు పలకల కప్పు; క్రింద కార్లు చొరని మూడు వరుసలు. ఇది మెచ్చదగిన పని. కాని ఆ బాటను చేరుటకు ఈ రోడ్లమీదనే పోవలెను. పాలవాని ఇండ్లు ఆ బాటమీద లేవు. ఊడ్చు స్త్రీ చీపురునకు అక్కడ పని లేదు. సైకిలుబాట విహారమునకు రక్ష. పనికి పోవువానికి రక్ష ఊరి రోడ్డుమీదనే కావలెను.

ఇక "ఎవరికి జెప్పాలె" అను ప్రశ్నకు వత్తుము. జవాబు మాకు విమానముల చరిత్రలో దొరకినది. 1974 డిసెంబరు 1వ తేదీన అమెరికాలో ట్రాన్స్ వరల్డ్ కంపెనీ విమానము వర్జీనియాలోని ఒక కొండకు తగిలి 92 మంది మరణించిరి. విచారణలో తేలినదేమన, ఆరు వారములకు ముందు యునైటెడ్ కంపెనీ విమానమొకటి ఆ కొండనే వెంట్రుకవాసిలో తప్పించుకొన్నది. ఆ కంపెనీ తన చోదకులను హెచ్చరించెను. ఆ హెచ్చరిక ఇతర కంపెనీలకు చేరలేదు. చేరియున్నచో 92 మంది బ్రతుకుదురేమో! ఆ పిమ్మట 1976లో, తప్పిపోయిన ప్రమాదమును ఎవరైనను పేరు బయటపడకుండ వ్రాసి పంపుటకు అక్కడ ఒక ఏర్పాటు చేసిరి. నాటినుండి తప్పినదియు లెక్కలోనికి వచ్చినది. ఇంగ్లండున వెస్ట్ మిడ్‌లాండ్స్ పోలీసులు 2016లో మామూలు దుస్తులతో సైకిళ్లు త్రొక్కి, మరీ దగ్గరగా రాచుకొనిపోవు కార్లను ఆపి బుద్ధి చెప్పిరి. దెబ్బ తగులువరకు వారు వేచియుండలేదు.

మన రాయదుర్గములో పరుగువారును సైకిలువారును ఏ మలుపు చెడ్డదో ఒకరికొకరు చెప్పుకొందురు. వారి వాట్సాప్ గుంపులలో ఆ మాట తిరుగును. కాని ఆ గుంపులలో వాచ్‌మన్ లేడు. ఊడ్చు స్త్రీ లేదు. ఒక కంపెనీ హెచ్చరిక మరియొక కంపెనీకి చేరనట్లే, ఒక తెగ యెరిగిన గండము మరియొక తెగకు చేరుట లేదు. రెండు తెగలకును ఒకటే రోడ్డు, ఒకటే మలుపు, తెలివి మాత్రము వేరు.

కావున చేయవలసినది పెద్ద పని కాదు. ప్రతి ట్రాఫిక్ పోలీసు స్టేషనులోను తప్పిన ప్రమాదములకొక పుస్తకముండవలెను. చదువు రానివారు నోటితో చెప్పినను వ్రాసికొనవలెను, పేరడుగరాదు. ఒకే మలుపు పేరు మరల మరల వచ్చినచో, శవము పడువరకు ఆగక అక్కడ కార్ల వేగమును తగ్గించు కట్టడము చేయవలెను. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొనుట మన కార్యాలయముల ధర్మము కారాదు. నడచువారి కొరకును, యంత్రము లేని బండ్ల కొరకును రాష్ట్రములు నియమములు చేయుటకు 2019లో మోటారు వాహనముల చట్టమున చోటు కల్పించిరి. ఆరు నెలలలో ఆ నియమములు చేయవలెనని 2025 అక్టోబరు 7వ తేదీన సుప్రీం కోర్టు ఆదేశించెను. ఆ నియమములలో ఈ పుస్తకమునకు ఒక వాక్యము చాలును.

అంతవరకు మేము ఊరకుండలేదు. మా తరగతిలో నలువది పుటల నోటుపుస్తకమొకటి పెట్టితిమి. ప్రతి సోమవారమును పిల్లలు తమకుగాని, తమ ఇంటివారికిగాని రోడ్డుమీద తృటిలో తప్పినది ఏమైన నున్నచో తేదీ, వేళ, స్థలము మాత్రము అందులో వ్రాయుదురు. కొన్ని మలుపుల పేర్లు అప్పుడే పునరుక్తి దోషమునకు లోనగుచున్నవి. నోటుపుస్తకము నిండిన పిమ్మట దానిని చేర్చవలసిన చోటికి చేర్చుదుము. మొదటి పుటలో రెండవ పంక్తి మాది. అది వ్రాయుటకు ముందు ఇంట నిజము చెప్పితిమి, సైకిలు అటకెక్కలేదు. మొదటి పంక్తి ఆ ఊడ్చు స్త్రీది.