లెక్సింగ్టను: ఒక గ్రుడ్డిగుఱ్ఱపు చరిత్రము

పనిలేనివానిని జూచి "గ్రుడ్డిగుఱ్ఱమునకు పండ్లు తోముచున్నావా?" యని మనవారు ఎత్తిపొడుతురు. కన్నులు పోయిన గుఱ్ఱము తిండిదండుగయనియు, దానికి సేవచేయువాడు వెఱ్ఱివాడనియు నీ మాటలోని భావము. ఈ తీర్పునకు బదులుచెప్పిన గుఱ్ఱ మొకటి అమెరికా దేశమున నుండెను.

అది 1850 సంవత్సరమున కెంటకీ రాష్ట్రములో వార్‌ఫీల్డను వైద్యుని శాలలో పుట్టెను. తొలుత దానిపేరు డార్లీ. దాని తండ్రియైన బోస్టను సైతము కడపటి దినములలో చూపు గోల్పోయినదే. వైద్యుడు ఆరోగ్యము చెడి, ఆ గుఱ్ఱమును పందెములలో నడుపుహక్కును హారీ యనువానికి కౌలున కిచ్చెను. హారీ నల్లజాతివాడు, పూర్వము బానిస, గుఱ్ఱములను తీర్చుటలో పేరుమోసినవాడు. అయిన నేమి? నల్లవాని పేర గుఱ్ఱము పందెమున నిలువరాదు. తీర్చినవా డొకడు, పేరు వేఱొకనిది! 1853లో టెన్ బ్రోకను పందెగాడు దానిని కొని లెక్సింగ్టనని పేరుమార్చెను. అంతటితో నది హారీచేయి దాటెను.

1855 ఏప్రిలు 2వ తేదీని న్యూ ఆర్లీన్సులో గడియారముతోడనే పందెమువేసి, యది నాలుగుమైళ్లను 7 నిమిషముల 19¾ సెకండులలో ముగించెను. ఏడుపందెములలో ఆఱు గెలిచి, చూపు మందగించుటచే ఆ యేడే పందెములనుండి విరమించెను.

చూపు తగ్గిన గుఱ్ఱమును నడుపుట బలిమిపని కాదు. గుఱ్ఱపు కన్నులు తల కిరుప్రక్కల నుండును గనుక ఒకకన్ను పోయినచో నొకప్రక్క లోకమంతయు దానికి మాయమగును. ఆ వైపున చప్పుడులేక పోయి చేయివేసినవాడు తన్నులు తినును. తప్పు గుఱ్ఱముది కాదు. ముందు పలుకవలెను, పిమ్మట మెడమీద చేయి వేయవలెను. రెండుకన్నులును పోయినదానికి చెవులును మూతిమీది వెండ్రుకలును కన్నులగును. అందముకొఱకు వానిని కత్తిరించుట క్రూరము. తొట్టిని, నీటిని చోటుమార్పరాదు. ఎక్కుటకు ముందు త్రోవయంతయు చేతితో నడిపించి చూపవలెను. రౌతు పల్లమునకు నొకమాట, మెట్టకు నొకమాట నేర్పి, కళ్లెమును కుదుపక యొకేతీరున బట్టవలెను. రౌతు జంకినచో గుఱ్ఱమును జంకును.

అలెగ్జాండరను భూస్వామి దీనిని 15,000 డాలర్లకు కొన్నప్పుడు జనులు నవ్విరట. ఇంతకు మించిన ధరకు దీని పిల్లనే యమ్మెదనని యాత డనెనట. 1864లో దీని సంతతియగు నార్‌ఫోకు 15,001 డాలర్లకు అమ్ముడుపోయెను! అంతర్యుద్ధకాలమున, 1865లో, దోపిడిగాండ్రకు వెఱచి యీ గ్రుడ్డి ముదిగుఱ్ఱమును ఇల్లినాయి రాష్ట్రమునకు తరలించిరి. తెలియని నేలమీద దానిని నడిపించిన చేతు లెంత ఓర్పుగలవో యూహింపవచ్చును. పదునాఱు పర్యాయములు దాని సంతతియే ఆ దేశపు పందెములలో అగ్రస్థానమున నిలిచెను.

1875లో నది చనిపోయెను. మూడేండ్లకు దాని యెముకలను త్రవ్వితీసి, శుభ్రపఱచి, కూర్చి, వాషింగ్టను నగరపు మ్యూజియమునకు పంపిరి. తుద కా గ్రుడ్డిగుఱ్ఱమునకు పండ్లు తోమినవారును లేకపోలేదు.