కొండ దిగి ఎక్కడ కాపురం పెట్టాం? విశాఖలో మనవాళ్ల పేటల కథ

ప్రతి ఏడాదీ జూన్ వచ్చిందంటే మాకు పైనుంచి ఫోన్లు మొదలవుతాయి. పాడేరు నుంచో, హుకుంపేట నుంచో, అరకు నుంచో ఒక పిల్లాడు "పెదనాన్నా, విశాఖలో పని దొరికింది, గది ఎక్కడ తీసుకోమంటావు?" అంటాడు. అద్దె, బస్సు, నీళ్లు అని ఈ మూడే అడుగుతారు. అవి ముఖ్యమే. కానీ మనవాళ్లు ఈ ఊళ్లో ఏ పేటకు ఎందుకు చేరారు, అక్కడి నుంచి ఎందుకు కదిలారు అన్నదానికి యాభై ఏళ్ల కథ ఉంది. నోటితో చెప్పుకోవడమే గాని రాసి పెట్టుకోలేదు. ఈ సంచికలో కొంత రాస్తున్నాం.

మన కొండలకూ విశాఖపట్నానికీ పాత బంధం కాగితాలది. 1839లో కంపెనీ ప్రభుత్వం ఒక చట్టం చేసి గంజాం, విశాఖ జిల్లాల కొండ ప్రాంతాలను మామూలు పాలన నుంచి వేరుచేసింది. కలెక్టరును గవర్నరుకు ఏజెంటుగా పెట్టి వాటిని ఆయన చేతికి ఇచ్చింది. మనం రోజూ అనే 'ఏజెన్సీ' మాట అక్కడిదే. సంతకైతే మాడుగుల, శృంగవరపుకోట. పెద్ద కాగితమైతే విశాఖ. అయినా మన పెద్దల్లో అక్కడ నిలిచినవాళ్లు తక్కువ. పని చూసుకుని వెంటనే కొండెక్కేవారు.

అప్పటికి ఊరు కూడా చిన్నదే. 1901 లెక్కల్లో విశాఖ జనం నలభై వేల పైచిలుకు. 1933లో ఓడరేవు తెరిచారు. 1941లో సింధియా కంపెనీ ఓడల కర్మాగారానికి పునాది పడింది. యాజమాన్యం మారినా ఆ పేట పేరు నేటికీ సింధియానే. 1957లో మల్కాపురం దగ్గర చమురుశుద్ధి కర్మాగారం వచ్చింది. ఆ తరువాత పదేళ్లలో ఎరువులూ భారీ యంత్రాలూ వచ్చాయి. ఒకసారి మ్యాపు తీసి చూడండి. దక్షిణాన యారాడ కొండ, ఉత్తరాన సింహాచలం కొండల వరుస, మధ్యలో గిన్నెలాంటి పల్లం. పెద్ద కర్మాగారాలు చాలావరకు ఆ గిన్నెలోనే ఉన్నాయి. పొయ్యి ఎక్కడ పెడితే పొగ ఎటు పోతుందో కొండల్లో పుట్టిన మనకు చిన్నప్పుడే తెలుస్తుంది. ఇల్లు వెతుక్కునేటప్పుడు మాత్రం ఆ తెలివి మాకు గుర్తు రాలేదు.

1960లలో కొత్తవలస–కిరండోల్ రైలుమార్గం వేశారు. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు దింపి జపానుకు పంపడానికి వేసిన దారి అది. మనుషుల కోసం వేసింది కాదు. బొర్రా దగ్గర కొండలు తొలిచి, అరకు పొలాల పక్క నుంచి పోయింది. తరువాత దాని మీదే ప్యాసింజరు నడిచింది. మనల్ని విశాఖ పడమటి పేటలకు అలవాటు చేసింది ఆ బండే అని మా అభిప్రాయం. అరకులో ఎక్కి కిందికి వస్తే ముందు కొత్తవలస, పెందుర్తి, సింహాచలం స్టేషన్లు తగులుతాయి. ఊరి నడిబొడ్డు చివరికి వస్తుంది. బుట్టలో పసుపూ, భుజాన పనసపండూ పెట్టుకుని వచ్చినవాళ్లు ముందు స్టేషన్‌లోనే దిగేస్తారు కదా.

అయితే మాలో చాలామంది మొదట కాపురం పెట్టింది పడమట కాదు, గాజువాకలో. కారణం ఉక్కు. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన చేశారు. 1992 ఆగస్టు 1న పి.వి. నరసింహారావు దాన్ని జాతికి అంకితం చేశారు. ఈ ఇరవై ఏళ్ల మధ్య మనవాళ్లు కొందరు నిర్మాణం పనికి కూలీలుగా దిగారు, కొందరు ఐటీఐ చదివి రిజర్వేషన్ మీద ఉద్యోగం తెచ్చుకున్నారు. ఉక్కునగరంలో క్వార్టరు దొరికినవాళ్లకు చింత లేదు, బడీ ఆసుపత్రీ చెట్లూ అన్నీ లోపలే. దొరకనివాళ్లం గాజువాక, పెదగంట్యాడ, వడ్లపూడి, అగనంపూడి వీధుల్లో అద్దెకు తిరిగాం.

ఆ ఇళ్లవాళ్లలో చాలామంది ఉక్కు కోసం ఊళ్లు పోగొట్టుకున్న నిర్వాసితులే. అరవైకి పైగా గ్రామాల భూమి కర్మాగారానికి పోయింది. చేతిలో ఆర్-కార్డు పట్టుకుని, ఇంటికో ఉద్యోగం కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసినవాళ్లు వాళ్లు. భూమి పోవడమంటే ఏమిటో తెలిసిన కొందరు మాకు అడ్వాన్సు కూడా అడగకుండా గది ఇచ్చారు. అందరూ అలా లేరు. "మీరేమిట్లు?" అని అడిగేవారు. "ఏజెన్సీవాళ్లం" అనగానే, "అయ్యో, పొద్దున్నే ఇచ్చేశామే" అనేవారు. అద్దెకు ఇవ్వబడును అన్న అట్ట ముక్క నెల దాటినా ఆ గేటుకే వేలాడేది. మాలో ఒకరు ఆరు ఇళ్లు తిరిగి ఏడో ఇంట్లో ఊరి పేరు మార్చి చెప్పారు. ఆ అబద్ధం రెండేళ్లు మోయాల్సి వచ్చింది. పైనుంచి అమ్మ వస్తే గట్టిగా మన భాషలో మాట్లాడొద్దని చెప్పుకున్నారు. ఇది రాయడానికి మాకు సిగ్గుగా ఉంది, అయినా మీకు తెలియాలి.

ఆ పేటల్లో ఇంకో బాధ దుమ్ము. పొద్దున ఆరేసిన తెల్ల చొక్కా సాయంత్రానికి నల్లగా చేతికొచ్చేది. పిల్లల దగ్గు చలికాలమంతా తగ్గేది కాదు. కొండెక్కితే వారంలో తగ్గేది, దిగితే మళ్లీ మొదలు. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పారిశ్రామిక ప్రాంతాలకు లెక్క కట్టినప్పుడు విశాఖ తీవ్ర కాలుష్య జాబితాలో చేరింది. మా ఇళ్లలో ఆడవాళ్లు ఆ సంగతి ఇరవై ఏళ్ల ముందే బట్టలు ఉతుకుతూ చెప్పారు. మేమే వినలేదు.

అలా తొంభైల నుంచి ఒక్కొక్క కుటుంబం గోపాలపట్నం, వేపగుంట, పెందుర్తి వైపు జరిగింది. డ్యూటీకి దూరం పెరిగింది, నైట్ షిఫ్టు దిగి ఇంటికి చేరేసరికి బాగా పొద్దెక్కేది. అయినా అరకు బండీ, చోడవరం మీదుగా పాడేరు దారీ దగ్గరయ్యాయి. పెద్దాసుపత్రికి, అంటే కేజీహెచ్‌కు, పైనుంచి వచ్చిన చుట్టాలకు ఒక రాత్రి చోటు దొరికింది. ఖాళీ స్థలాలూ ఉండేవి. ఇది చిన్న విషయం కాదు. థింసాకు ఇరవై మంది ఆడవాళ్లు చేతులు వెనకనుంచి పట్టుకుని తిరగాలంటే, డప్పూ తుడుమూ మోగాలంటే, గాజువాక ఇరుకు డాబా మీద కుదరదు.

తరువాత స్థలాలు కొనడం మొదలైంది. అసలు దెబ్బ తిన్నది అక్కడే. పైన మనకు 1959 భూబదిలీ నిబంధనలు, వాటిని గట్టిచేసిన 1970 నాటి ఒకటవ సవరణ ఉన్నాయి. మనం 1/70 అంటాం. ఏజెన్సీలో భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా అది కాపాడుతుంది. కానీ అమ్మకం కొనుగోలు అలవాటు లేకుండా పెరిగిన మనకు ఈసీ తీయించడం, లింకు డాక్యుమెంట్లు చూడటం, వుడా అనుమతి ఉందా అని అడగడం ఎవరు నేర్పారు? కొండ దిగితే 1/70 రాదు. మాలో నలుగురు కలిసి కొన్న ఒక లేఅవుటులో సగం గెడ్డ పోరంబోకు అని తేలింది. అమ్మినాయన ఊరొదిలి వెళ్లిపోయాడు. ఇంకొందరు చౌకని కొండవాలులో పునాది లేకుండా గోడలు లేపారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చిన రోజు ఆ రేకులు ఎక్కడికి ఎగిరిపోయాయో దొరకలేదు.

పడమర అంటే భద్రం అని మేము నమ్మాం. 2020 మే 7 తెల్లవారుజామున ఆ నమ్మకమూ పోయింది. గోపాలపట్నం పక్కనే ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరిన్ ఆవిరి లీకై పన్నెండు మంది చనిపోయారు. ఆ కర్మాగారం 1961లో హిందుస్థాన్ పాలిమర్స్ పేరుతో మొదలైంది. అప్పుడు అది ఊరి బయట. ఊరే పెరిగి దాని గోడ దాకా వెళ్లింది, ఆ ఊరితో మనమూ వెళ్లాం. 2005లో గాజువాకనూ ముప్పై రెండు గ్రామాలనూ కలిపి మహా విశాఖ చేశాక, ఏది ఊరు, ఏది బయట అన్న గీత చెరిగిపోయింది. అందుకే ఇప్పుడు ఎవరైనా గది చూశామంటే మేము అద్దె కంటే ముందు, ప్రహరీ అవతల ఏముంది, వర్షం నీరు ఎటు పోతుంది అని అడుగుతున్నాం. విసుక్కోకండి.

లెక్కలు మళ్లీ మారుతున్నాయి. 2022 ఏప్రిల్ 4న అల్లూరి సీతారామరాజు జిల్లా వచ్చి పాడేరు కేంద్రమైంది, కలెక్టరు కాగితానికి విశాఖ రావక్కర్లేదు. భోగాపురం విమానాశ్రయం పేరు చెప్పి ఆనందపురం, తగరపువలస వైపు ప్లాట్లు అమ్ముతున్నారు. కొనేముందు ఈసీ మాత్రం మీరే స్వయంగా తీయించుకోండి.

మొన్న జూన్‌లో పాడేరు దగ్గరి అమ్మాయి ఒకతె అచ్యుతాపురంలో ఉద్యోగం వచ్చిందని ఫోన్ చేసింది. మేము అలవాటుగా వేపగుంట అన్నాం. ఆ అమ్మాయి ఒప్పుకోలేదు. అనకాపల్లిలో గది తీసుకుంది. కంపెనీ బస్సు అక్కడికే వస్తుందట, పాడేరు బస్సూ అక్కడే దొరుకుతుందట, అద్దె కూడా తక్కువే. మ్యాపు పెట్టుకుని చూస్తే లెక్క ఆమెదే సరిగ్గా ఉంది. ఇంటామె ముందే ఊరు అడిగిందట, ఈ పిల్ల ఉన్నదున్నట్టు చెప్పిందట. మొన్న వారం మళ్లీ ఫోన్ చేసింది, అదే వీధిలో ఇంకో రెండు గదులు ఖాళీ ఉన్నాయి, మనవాళ్లెవరైనా ఉంటే పంపమని.