ఎర్ర బల్బు ఆరితే చాలదు

పాత కారులో డైనమో చార్జింగ్ ఇస్తున్నదీ లేనిదీ మొదట చెప్పేది డ్యాష్‌బోర్డు మీది ఎర్ర బల్బు. తాళం తిప్పగానే అది వెలగాలి, ఇంజిన్ వేగం అందుకోగానే ఆరిపోవాలి. ఆ బల్బుకు ఒక కొస బ్యాటరీ వైపు, రెండో కొస డైనమో వైపు ఉంటుంది. రెండు వైపులా వోల్టేజీ సమానమైతే దానిలో కరెంటు పారదు, బల్బు ఆరుతుంది. కనుక బల్బు ఆరిందంటే డైనమో బ్యాటరీతో సమానంగా లేచిందనే అర్థం. బ్యాటరీ నిండుతోందా అన్నది వేరే తేల్చుకోవాలి.

బొగ్గు గనులున్న రామగుండం, గోదావరిఖని, బసంత్‌నగర్ ప్రాంతంలో ఈ ప్రశ్నకు బలం ఎక్కువ. బసంత్‌నగర్‌లో కేశోరాం సిమెంటు ఫ్యాక్టరీ 1969లో మొదలైంది.    క్వార్టర్స్ నుంచి ఆఫీసుకు, ఆఫీసు నుంచి గని దగ్గరికి నాలుగైదు కిలోమీటర్లే తిరిగే బండిలో డైనమోకు కోలుకునే వ్యవధి దొరకదు. సెల్ఫ్ కొట్టిన ప్రతిసారీ బ్యాటరీ నుంచి పోయిన కరెంటు తిరిగి చేరేలోపే ఇంజిన్ ఆగిపోతుంది. పైగా బొగ్గు దుమ్ము, సిమెంటు దుమ్ము. లోపల వేడెక్కకుండా డైనమో బయటి గాలినే పీల్చుకుంటుంది, గాలితోపాటు దుమ్మూ వెళ్తుంది. కార్బన్ బ్రష్షులు గూళ్లలో బిగుసుకుపోయి కమ్యుటేటర్‌ను సరిగా తాకవు.

డైనమో కాలపు కార్లలో ఎక్కువగా కనిపించిన లూకాస్ సి-40 రకం డైనమో గరిష్ఠంగా ఇచ్చేది 22 ఆంపియర్లు. అదీ ఇంజిన్ బాగా తిరిగినప్పుడే. ఐడిలింగ్‌లో దాదాపు ఏమీ ఇవ్వదు. అందుకే ఆగి ఉన్న బండిలో ఎర్ర బల్బు మినుకుమినుకుమన్నంత మాత్రాన డైనమో చెడిందనుకోకూడదు. అప్పుడు బ్యాటరీలోని కరెంటు వెనక్కి డైనమోలోకి పారకుండా ఆపేది కటౌట్. సుమారు 13 వోల్టుల దగ్గర దాని పాయింట్లు మూసుకుని చార్జింగ్ మొదలవుతుంది. బల్బు ఒకసారి ఆరి, రేస్ పెంచేకొద్దీ మళ్లీ ప్రకాశంగా వెలుగుతుంటే డైనమో పనిచేస్తోందనీ, కటౌట్ పాయింట్లు కలవడం లేదనీ గట్టిగా అనుమానించవచ్చు. మంచి డైనమోను విప్పించి డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే.

పరీక్ష ఫ్యాన్ బెల్టుతో మొదలుపెట్టాలి. బొటనవేలితో నొక్కితే అర అంగుళం దిగాలి. అంతకన్నా వదులైతే బెల్టు జారుతుంది, డైనమో చాలినంత తిరగదు. తర్వాత బ్యాటరీ టెర్మినళ్లు, ఎర్త్ వైరు శుభ్రంగా, బిగువుగా ఉన్నాయో చూడాలి. ఇంజిన్ ఆపి కొన్ని గంటలైన మంచి బ్యాటరీకి మల్టీమీటరు 12.6 వోల్టులు చూపుతుంది. ఇంజిన్‌ను ఓ మోస్తరు వేగంతో తిప్పినప్పుడు అది 13.5 నుంచి 14.5 మధ్యకు లేస్తే చార్జింగ్ ఉన్నట్టే. లేవకపోతే లేనట్టే. మీటరు లేని రోజుల్లో చీకట్లో గోడకు ఎదురుగా హెడ్‌లైట్లు వేసి రేస్ ఇచ్చి చూసేవారు, వెలుగు పెరిగితే నిశ్చింత.

చార్జింగ్ లేదని తేలితే తప్పు డైనమోదా, కటౌట్‌దా అన్నది తేల్చే పద్ధతి చాలా తెలివైనది. డైనమో మీది డి, ఎఫ్ వైర్లు రెండూ ఊడదీసి, ఆ రెండు టెర్మినళ్లనూ చిన్న తీగతో కలిపి, అక్కడి నుంచి బాడీకి వోల్టుమీటరు పెట్టాలి. ఐడిలింగ్ నుంచి మెల్లగా రేస్ పెంచితే ముల్లు తడబడకుండా లేవాలి. నియంత్రణ లేని డైనమో ఎంతైనా ఎక్కుతుంది కనుక 20 వోల్టులు దాటనివ్వకూడదు. ముల్లు అసలు కదలకపోతే బ్రష్షులు చూడాలి. ఒక వోల్టు లోపే నిలిచిపోతే ఫీల్డ్ కాయిల్, నాలుగైదు వోల్టుల దగ్గర ఆగితే ఆర్మేచర్ అనుమానించాలి. ముల్లు బాగా లేచిందంటే డైనమోలో తప్పు లేదు, కటౌట్ పెట్టెనూ వైర్లనూ వెతకాలి.

1960 తర్వాత ప్రపంచమంతటా కార్లలో డైనమో స్థానాన్ని ఆల్టర్నేటర్ ఆక్రమించుకుంది. రామగుండంలో 1971లో కరెంటు ఇవ్వడం మొదలుపెట్టిన 62.5 మెగావాట్ల థర్మల్ యూనిట్‌లోని జనరేటర్‌ది కూడా ఆల్టర్నేటర్ పోలికే ఉండేది. అయస్కాంతం లోపల తిరుగుతుంది, కరెంటు చుట్టూ కదలకుండా ఉన్న కాయిల్స్‌లో పుడుతుంది. కారులో అదనంగా ఉండేవి ఆ ఏసీని డీసీగా మార్చే డయోడ్లు. ఐడిలింగ్‌లోనూ చార్జింగ్ ఇచ్చే ఈ యంత్రానికి డి, ఎఫ్ కలిపే పరీక్ష పనికిరాదు, బ్యాటరీ దగ్గర వోల్టేజీ చూడటమే పరీక్ష. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ వైరు ఊడదీసి చూసే పాత అలవాటును మాత్రం దీని దగ్గరికి రానివ్వకూడదు, వోల్టేజీ ఒక్కసారిగా ఎగసి డయోడ్లు కాలిపోతాయి.